తేలు లేని చెయ్యి

...అయినా తను ‘చిన్నక్కా’ అని ఎందుకు పిలవాలి? ఆ చెయ్యి చిన్నక్కది కాదని రబ్బరు పట్టీ కడుతున్నప్పుడే తెలిసిపోయింది కదా. తెలిసీ, పిడికిలి బిగించు చిన్నక్కా అంది. అన్నది తన నోరే. బస్సు వెంకటగిరికోట దాటి పలమనేరు దగ్గరపడుతున్నా, ఆ మాట అర్చన నోట్లో మింగలేని మాత్రలా చేదుగా ఉండిపోయింది.

కాళ్ల దగ్గర ఐసు పెట్టె. అందులో కుప్పం అవతలి కోళ్ల ఫారంలో తీసిన పది నెత్తుటి గొట్టాలు. తను పనిచేసే మదనపల్లె ల్యాబుకు తీసుకుపోతోంది. బర్డ్ ఫ్లూతో కోళ్లు చచ్చిన చోట, వాటిని ఎత్తిపోసిన మనుషుల్లోకి కూడా వైరస్ దూరిందా అన్నది ఆ నెత్తురే చెప్పాలి. ఒక్కసారి తీస్తే చాలదు. కోళ్లు చచ్చిన వారంలో ఒకసారి, నెల తర్వాత మరోసారి తీయాలి. వైరస్ దూరి ఉంటే దానితో కొట్లాడే యాంటీబాడీలు ఈలోగా పెరుగుతాయి. రెండు గొట్టాలూ ఒకే మనిషివైతేనే ఆ పెరుగుదల కనిపిస్తుంది.

నెల కిందట ఫారం కూలి చిన్నక్క చాపిన కుడిచేతి మీద తేలు పచ్చబొట్టు ఉంది. సూది చూసి పక్కవాళ్లు మొహాలు తిప్పుకుంటే ఆమె నవ్వింది.

“నా తేలు ఏమీ చెయ్యదులేమ్మా. ఈడ కుట్టేది నువ్వే.”

తర్వాత గొంతు తగ్గించింది. చచ్చిన కోళ్లను రెండు రోజులు ఉత్త చేతులతో గోతాల్లోకి ఎత్తిందట. మూడోనాడు జ్వరం, కళ్లు మంటలు. ఫారం వాళ్లు ఎండదెబ్బ అన్నారట.

“నా నెత్తురులో ఏముండాదో నాకు చెప్తావా? ఈళ్లెవురూ నిజం చెప్పరు.”

చెప్తానంది అర్చన.

ఈరోజు పొద్దున మేనేజరు లక్ష్మీపతి ఆఫీసు వరండాలో పదిమందిని వరసగా కూర్చోబెట్టి ఉంచాడు. ఇస్త్రీ బట్టలు, కత్తిరించిన గోళ్లు. ఒక్క చేతి మీదా కోడి ముక్కు గాటు లేదు, పంజరం తీగ గీసుకున్న గీత లేదు. ఏడో పేరు చిన్నక్క. ముందుకొచ్చిన చెయ్యి నున్నగా ఉంది. తేలు లేదు. అర్చన తలెత్తితే ఆమె నేలచూపులు చూసింది. లక్ష్మీపతి మాత్రం సూటిగా చూస్తూ మజ్జిగ గ్లాసు ముందుకు జరిపాడు.

“పది పేర్లు, పదిమంది. అందురూ బాగుండారు. ఇంకేం కావల్లమ్మా మీకు?”

ఆ మజ్జిగ తాగింది. తాగి, పది కాగితాల మీదా సంతకం చేసింది. ప్రతి సంతకం పైనా అచ్చులో ఒకే వాక్యం: ఈ మనిషిని నేను గుర్తుపట్టాను.

లక్ష్మీపతి మీద కోపం తేలిక. బస్సులో కూర్చుని ఎన్ని తిట్లయినా తిట్టుకోవచ్చు. కానీ ఆ తిట్లన్నీ తిరిగి తన మీదకే వస్తున్నాయి. కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎదురు చెప్పవద్దని, కూలికి పోయే అమ్మ సుశీలమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఇప్పుడు తనకూ కుర్చీ ఉంది, నెల జీతం ఉంది. మెడ మాత్రం అప్పుడు వంగినట్టే వంగుతోంది.

బస్సు పలమనేరులో ఆగినప్పుడు ల్యాబు అధికారి భీమరావు ఫోను చేశాడు. ఎన్ని వచ్చాయని అడిగాడు. పది, అంది.

“శభాష్. ఇంకా నాలుగు రోజుల గడువుండగానే తెచ్చేశావు. ఇక ఆ ఫారం అయిపోయినట్టే.”

అయిపోయినట్టే. ఆ ఫారంలో ఎవరికీ ఏమీ అంటలేదని నివేదిక వస్తుంది. మళ్లీ కోళ్లు చచ్చినప్పుడు లక్ష్మీపతి ఆ కాగితాన్నే చూపించి, చిన్నక్కను ఉత్త చేతులతో షెడ్డులోకి తోస్తాడు. తన నెత్తురులో ఏముందని ఆమె అడిగితే, ఎవరి నెత్తురు సంగతి చెప్పాలి?

పుంగనూరు బస్టాండులో డ్రైవరు టీకి దిగాడు. పక్క సీటు ఖాళీ అయింది. అర్చన సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. గుర్తుపట్టానన్న సంతకం లేని గొట్టాన్ని ల్యాబు తీసుకోదు. అసలు మనిషిని వెతికి మళ్లీ తీయాల్సిందే. భీమరావు అరుస్తాడు. అరవనీ.

ముందుగా ఏడో కాగితం మోకాలి మీద పరిచి, తన సంతకం మీద పెన్నుతో గీత గీసింది. కాగితం చిరిగేంత గట్టిగా. పక్కనే రాసింది: మనిషి వేరు.