లోతు చూసిన సీసం

సీసం ముక్క చేతికొస్తే మా బాబా ముందు దాన్ని బొటనవేలి గోటితో గీసేవాడు. గీత పడిందా, దగ్గర పెట్టుకునేవాడు. పడలేదా, పక్కకు నెట్టేసేవాడు. కువైట్‌లో, జాబ్రియాలో, నేను పదకొండేళ్లు వంట చేసిన ఇంటి యజమాని ఆయన. యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలవడం అక్కడి పనివాళ్ల అలవాటు. డెబ్బై దాటిన మనిషి. చిన్నప్పుడు తండ్రి పడవలో బొంబాయి దాకా వచ్చిపోయినవాడు కాబట్టి మాతో హిందీలోనే మాట్లాడేవాడు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలు ఆయన పెట్టిన భిక్షే. అక్కడివాళ్లు మన దేశం మనుషులను కూడా 'హిందీ' అనే అంటారు.

ఆ ఇంట్లో ఆయన తాతగారి తుపాకి ఒకటి ఉండేది. మూతివైపు నుంచి నల్లమందు పోసి, గుండు దూర్చి, ఇనుప కడ్డీతో కూరి కాల్చే రకం. మా రాయచోటి కొండల్లో అడవిపందులను కొట్టే నాటు తుపాకికి పెద్దన్న అనుకోండి. దానికి అంగట్లో గుండ్లు దొరకవు, ఇంట్లోనే పోసుకోవాలి.

తొంభైలో ఆగస్టు రెండో తేదీ తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం ఊళ్లోకి వచ్చేసింది. ఆయుధం దొరికితే ఆ ఇంటి యజమానిని వాకిట్లోనే కాల్చేస్తున్నారని కొద్దిరోజుల్లోనే తెలిసింది. తుపాకిని ఎక్కడైనా పూడ్చేయమని మామా బతిమాలింది. బాబా వినలేదు. తివాచీలో చుట్టి, వంటింటికి ఎదురుగా హాల్లో గోడకు ఆనించాడు.

"దీంతో ట్యాంకును కొడతావా?" అంది మామా.

"ట్యాంకును కాదు. నీ మీద చెయ్యి వెయ్యడానికి వచ్చినవాణ్ని" అన్నాడాయన.

గుండ్లకు సీసం కావాలి. డ్రైవరు లాల్ బాషాదీ మా రాయచోటే. వీధిలో వదిలేసిపోయిన కార్ల చక్రాలకు తూకం కోసం కొట్టిన బిళ్లలను ఊడబెరికి, గుప్పెడు తెచ్చాడు. బాబా ఒకదాన్ని గీశాడు. గోరు జారింది. గచ్చు మీద పడేశాడు. ఖంగుమంది.

"ఇందులో వేరేది కలిసింది. మెత్తటి సీసమైతే మోగదు, దబ్బుమని పడుతుంది. మందు పేలినప్పుడు గుండు కాస్త ఉబ్బి, గొట్టం లోపల మెలి తిరిగిన గాట్లను పట్టుకోవాలి. గట్టిది పట్టుకోదు. వంకరగా పోతుంది."

లాల్ బాషా మొహం మాడిపోయింది. "ఏందక్కా ఈ ముసిలాయన! ఊరు తగలబడతాంటే ఈయప్పకు సీసంలో కులగోత్రాలు గావాల్నా?" అన్నాడు నాతో.

"నువ్వు ఊరకుండబ్బీ. మా నాయన గూడా పందిగుండ్లకు ఇట్లనే ఏరుతాండె."

బాబా లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక బరువైన గుండు తెచ్చాడు. తాడు కట్టి సముద్రంలోకి వదిలి లోతు చూడడానికి ఆయన తండ్రి పడవలో వాడిన సీసం అది. అరచేతిలో కాసేపు ఉంచుకున్నాడు. గోటితో గీశాడు. వెన్న మీద గీసినట్టు పడింది. గొడ్డలి తెమ్మన్నాడు.

ఆ మధ్యాహ్నం నా పొయ్యి మీద ఇనుప గరిటెలో సీసం కరిగింది. బాబా దాంట్లో మైనం ముక్క వేసి, కలిపి, పైకి తేలిన మడ్డిని తీసేశాడు. పట్టకారులాంటి అచ్చుకు కొవ్వొత్తి మసి పట్టించాడు. మొదటి రెండు గుండ్లు ముడతలతో వచ్చాయి.

"అచ్చు ఇంకా చల్లగా ఉంది" అని వాటిని మళ్లీ గరిటెలో వేశాడు. మూడోది మెరుస్తూ దిగింది. అడుగంచు చాకుతో కోసినంత నేరుగా ఉంది. పదహారు పోస్తే ఆరు ఒప్పుకున్నాడు. నా కళ్లకు అలాగే ఉన్న మిగతా పదీ మళ్లీ గరిటెలోకే పోయాయి. ఆయన కళ్లు వేరు.

"అక్కా, సైన్యం! ముగ్గురొస్తాండారు!"

లాల్ బాషా కేకకు ఆరు గుండ్లనూ అచ్చునూ పిండి సంచిలోకి తోసేశాను. మరి గరిటె నిండా కరిగిన సీసాన్ని ఎక్కడ దాచేది? మామా వంటింట్లోకి వచ్చి ఒక్కసారి చూసింది. తొట్టెలో నీళ్లు పట్టి బాబా చేతికిచ్చింది. కింద కూర్చుని, ఒంటి మీది నల్ల ముసుగు అబాయాను తల మీదికి లాక్కుంది. "నా తల మీద పట్టుకో. రెడ్డెమ్మా, అందులో సీసం పొయ్యి!" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ దేశాల్లో దిష్టి తగిలిన మనిషి తలపైన నీళ్ల తొట్టె పట్టి, అందులో కరిగిన సీసం పోస్తారు. కానీ నా చేతులకు మా ఊరి పద్ధతే తెలుసు. పొయ్యకముందు గరిటెను మామా చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని, తూ తూ అని ఉమ్మి, అప్పుడు పోశాను. తొట్టె చుయ్యిమంది.

సైనికులు గుమ్మంలోనే నిలబడ్డారు. వాళ్లలో మీసాలున్న ఒకాయన నుదురు చిట్లించాడు. "మా అమ్మ ఇలా తిప్పదు. ఉమ్మదు. ఏం చేస్తున్నారు మీరు?" అంటూ తుపాకి ఎత్తాడు.

అబాయా కిందినుంచి మామా గొంతు వచ్చింది. "నాకు దిష్టి పెట్టింది పక్కింటి హిందీ పనిమనిషి. హిందీ దిష్టి మీ అమ్మ మాట వింటుందా? హిందీదే దింపాలి."

మీసాలాయన నవ్వాడు! తొట్టెలోకి వంగి చూశాడు. సీసం ముళ్లు ముళ్లుగా విచ్చుకుని ఉంది. "అబ్బో, పెద్ద దిష్టే" అన్నాడు. టోపీ తీసి, తుపాకి పక్కవాడికిచ్చి, మామా లేచిన చోట కూర్చున్నాడు. "నాకూ తియ్యి. ఇక్కడికొచ్చిన రోజు నుంచి నిద్ర లేదు."

తీశాను. ఆ సీసం ముక్కను జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. ఇల్లు సోదా చెయ్యలేదు.

"వానికి దిష్టి నాదే అయ్యుంటాదక్కా. వచ్చినకాడ్నించి వాణ్నే సూస్తాండా" అన్నాడు లాల్ బాషా, గోడకు జారగిలబడి.

మర్నాడు మీసాలాయన మరో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పైన ఇంకా కొందరు. ముందు చక్రాల బిళ్లలు కరిగించాం. అవి అయ్యాక పడవ సీసంలో మిగిలింది. శత్రువు జేబులోకి తండ్రి సొమ్ము పోతుంటే బాబా తనే పొయ్యి వెలిగించి ఇచ్చాడు.

ఐదోరోజు పెద్ద అధికారి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆయన చూపు హాల్లో తివాచీ మీదే ఉంది. "మొదలుపెట్టండి, లేకపోతే నాకు వేరే పనుంది" అన్నాడు. ఆ వేరే పని ఏమిటో మాకు తెలుసు. గరిటె ఖాళీ. ఇంట్లో సీసం లేదు.

బాబా అధికారికి వీపు పెట్టి, పిండి సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక్కో గుండునూ దుస్తులకు తుడిచి గరిటెలో వేశాడు. ఐదు వేశాక, ఆరోదాని అడుగంచు మీద బొటనవేలు ఒకసారి తిప్పాడు. దాన్నీ వేశాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను.

నేను తిప్పాను, ఉమ్మాను, పోశాను. అధికారి తన ముక్క తీసుకుని, తివాచీ పక్కగా నడిచి, గుమ్మం దాటిపోయాడు.

బాబా పిండిలోంచి అచ్చు తీసి, నూనె గుడ్డతో తుడవసాగాడు.

"ఇంకా ఎందుకది?" అంది మామా.

"తుప్పు పడుతుంది" అన్నాడాయన.