ఒక్క దీర్ఘం

ముప్ఫై ఏళ్లపాటు అచ్చాఫీసులో పరుల తప్పులు దిద్దిన మనిషి ఆయన. అక్కడ అందరూ అచ్చుతప్పులాయన అనేవారు. అది బిరుదనుకుని మురిసిపోయేవాడు. ఎవరైనా ఉత్తరం రాస్తే, రాసినవాళ్ల క్షేమం కంటే ముందు ఒత్తులు చూసేవాడు.

చెల్లెలికి ఆపరేషనని భార్య పది రోజులు ఊరెళ్తూ, పెరటి గోడవారనున్న నాలుగు సాల్వియా పూలకుండీలు ఆయనకు అప్పగించింది. అవి ఆమె తల్లి ఇచ్చిన గింజలతో మొలిచినవి. తల్లి ఇప్పుడు లేదు, గింజలూ అయిపోయాయి. ఈ ఎర్ర గుత్తులు పూసి గింజ కడితేనే మళ్లీ మొక్కలు.

"నోటితో చెబితే మీ చెవికెక్కదు. రాసిపెట్టాను," అంది.

చీటీలో ఇలా ఉంది: "రోజూ నీల్లు పెట్టక మట్టి ఆరనివ్వండి."

ఆమె బస్సెక్కిందో లేదో, ఈయన ఎర్ర పెన్ను తీశాడు. "నీల్లు"ను "నీళ్లు" చేశాడు. అక్కడితో ఆగితే ఆయన ఆయనెందుకవుతాడు? నీళ్లు పెట్టకపోతే మొక్కెలా బతుకుతుంది, పాపం తొందరలో దీర్ఘం మరిచిపోయిందనుకుని, "పెట్టక"ను "పెట్టాక" చేశాడు. వాక్యం ఇప్పుడు కుదిరిందని తన భుజం తనే తట్టుకున్నాడు.

రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు. అయిదోనాడు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. దాహం కాబోలనుకుని సాయంత్రం ఇంకో చెంబు పోశాడు. ఎనిమిదోనాడు కొమ్మలు వాలిపోయాయి.

పక్కింటి దర్జీ ఆవిడ గోడ దాటి వచ్చి మట్టిలో వేలు పెట్టింది. "ఇది కుండీనా, బురదగుంటా అన్నయ్యగారూ? సాల్వియాకి తడారాకే నీళ్లు పొయ్యాలి. వేళ్లు కుళ్లిపోయాయి."

ఆయన చీటీ తీసి చూశాడు. ఎర్ర దీర్ఘం నిక్కి చూస్తోంది. చదువుకున్న మూర్ఖుడికి కొమ్ములుండవు, ఎర్ర పెన్నుంటుందని తనను తనే తిట్టుకున్నాడు.

మూడు మొక్కలు పోయాయి. నాలుగోదానికి ఒక్క కొమ్మ చివర పచ్చగా ఉంది. దర్జీ చెప్పినట్టు నాలుగు వేళ్ల పొడవున కత్తిరించి, కింది ఆకులు దూసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టాడు.

భార్య రాగానే చీటీ చేతిలో పెట్టాడు. "నువ్వు రాసింది సరిగ్గానే ఉంది. నేనే దిద్ది చంపాను."

ఆమె ఆ దీర్ఘం వంక చాలాసేపు చూసింది. "అమ్మ గింజలండీ అవి," అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఇసుకలో గుచ్చిన పన్నెండోనాటి పొద్దున కొమ్మకు గోరంత చిగురు కనిపించింది. పక్కనే పుల్లకు గుచ్చిన కొత్త చీటీ: "నేను చెప్పేదాకా నీల్లు పెట్టకండి."

చెయ్యి దానంతటదే జేబులోంచి ఎర్ర పెన్ను తీసింది. "నీల్లు" దగ్గర వేళ్లు జిలపెట్టాయి. పెన్ను మళ్లీ జేబులో పెట్టేశాడు.

"చదివారా?" వంటింట్లోంచి ఆమె అడిగింది.

"చదివాను. ఉన్నదున్నట్టే చదివాను."