పిట్ట ముట్టని మందు

కాకి రాలేదు. వద్దన్నా వచ్చి చాటలో బియ్యం ఎత్తుకుపోయే కాకులు, సీతారాములు దినాల నాడు ఒక్కటంటే ఒక్కటి కిందికి దిగలేదు. వచ్చినవన్నీ ఊరి బయటి తుమ్మ చెట్టెక్కి, అలిగిన మగపెళ్లివారిలా మెడలు అటు తిప్పుకుని కూర్చున్నాయి.

కింద విస్తరిలో ఏం తక్కువైందని? యాటకూర, బోటి, గారెలు, బీడీ కట్ట, అగ్గిపెట్టె. పక్కన స్టీలు గ్లాసులో విదేశీ విస్కీ. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ పెట్టాలి, పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే ఆయన తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోపం మిగిలిపోయినట్టు. పిట్ట ముట్టే దాకా చుట్టాలు ముద్ద ముట్టకూడదు. రామన్నపేట నుంచి ఖాళీ కడుపులతో దిగిన చుట్టాలు కాకుల కంటే దీనంగా యాటకూర వైపు చూస్తున్నారు.

ఆ మిగిలిన కోపం ఎవరి మీదో కొడుకు అశోక్‌కుమార్‌కు తెలుసు. మగ్గం వదిలి షాద్‌నగర్ కంపెనీలో చేరిన నాడు తండ్రి నలుగురి ముందే అన్నాడు: "మగ్గం ఇడిసినోని చేతి నీళ్లు గూడ తాగ."

మొదటి బోనస్ రాగానే అశోక్ ఈ సీసా కొన్నాడు. సింగిల్ మాల్ట్. షెర్రీ అనే ద్రాక్షసారా నింపి తీసిన పీపాల్లో ఏళ్లకేళ్లు ఊరిన సరుకు. ధర విని భార్య సంధ్య రెండు రోజులు మాట్లాడలేదు. తండ్రి మాత్రం సీసా అందుకుని, దేవుడి పటాల పక్కన గూట్లో నిలబెట్టి, తెగిన పోగు అతకడానికి పోయాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చినప్పుడల్లా అశోక్ చూపు ముందు గూట్లోకే పోయేది. సీసా మెడ దాకా నిండుగా కనిపించేది. తల దించుకుని తిని, బస్సెక్కేవాడు. ఎందుకు తాగలేదని అడగవచ్చు కదా! అడగడు. తండ్రి పోలికే మరి, ఆ పాడు రోషం ఎక్కడికి పోతుంది?

ఈ రోజు ఆ సీసానే తెచ్చాడు. బతికుండగా తాగనివాడు పోయాకైనా తాగుతాడేమోనని ఆశ. మూత మీది రేకు ఇలా పట్టుకోగానే అలా ఊడి వచ్చింది.

"సూసిన్రా, సీలు ఎంత నాజూగ్గ ఉన్నదో! ఫారిన్ పనంటే గదే," అన్నాడు మేనమామ లచ్చయ్య. ఒకప్పుడు ఆయనకు వైన్ షాపులో వాటా ఉండేది. లాభం తాగాడు, పెట్టుబడీ తాగాడు, చివరికి అనుభవం ఒక్కటే మిగిలింది.

ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. వెనక ఎవరో గొణిగారు: "కొడుకు మీద కోపం సల్లారలేదు పెద్దమనిషికి." అశోక్‌కు ప్రాణం చివుక్కుమంది.

లచ్చయ్య లేచాడు. "కోపం గాదు, సరుకు మీద అనుమానం. గీ దునియల సగం డూప్లికేటే. జర నన్ను సూడనియ్యుండ్రి."

గాజు గ్లాసులో పోయించుకుని ఎండకెత్తి చూశాడు. తిప్పాడు. ముక్కు పెట్టాడు. గుటక వేశాడు. మొహం ఒక్క క్షణం చిట్లింది కానీ, మనిషి తమాయించుకున్నాడు.

"అబ్బబ్బ! ద్రాక్ష... అంజీర... పీపా కట్టె... పట్టు పోగు లెక్క జారింది అల్లుడా. అసలు సరుకు! దీని విలువ తెల్వాలంటే నాలికుండాలె. ఇంకింత పొయ్యి, ఖాయం జేస్త."

రెండోసారీ ఖాయం చేశాడు, మూడోసారీ చేశాడు. పక్కవాళ్లూ తలా కాస్త నాలుక మీద వేసుకుని, ఔనౌను, అంజీరే అన్నారు. ఖరీదైన మందు బాగాలేదనడానికి ఎంత గుండె కావాలి!

అశోక్ కూడా ఒక గుక్క తాగాడు. గొంతులో తుమ్మ ముల్లు దిగినట్టయింది. ఆఫీసరు రిటైర్మెంటు దావతులో ఇదే మందు రుచి చూసి, అప్పుడే బాపు కోసం కొనాలనుకున్నాడు. ఆ రుచి ఇది కానే కాదు. అంటే దుకాణంవాడు ముంచాడన్నమాట. బాపుకు నకిలీ ఇచ్చి ఇన్నాళ్లూ బాపు మీదే అలిగాడా? సిగ్గుతో తల్లి వైపు చూశాడు.

వెంకటనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆడవాళ్లు "ఊకో అక్కా, ఊకో" అంటూ చుట్టుముట్టారు. కొంగు జారింది. ఆమె నవ్వుతోంది!

"ఓ లచ్చయ్యా, అండ్ల ద్రాక్ష లేదు, నీ బొంద లేదు. అది మీ బావ రోజు తాగే క్వార్టర్ మందు."

లచ్చయ్య గ్లాసును మళ్లీ ఎండకెత్తి చూశాడు.

"మరి అసలుదేమైందే అమ్మా?" అన్నాడు అశోక్.

"ఏమైతది? తాగినం."

"తాగిన్రా? నువ్వు గూడనా?"

"నాకింత పొయ్యకుంట ఎన్నడన్న తాగిండా మీ బాపు? నువ్వు బస్సెక్కిన నాడే తీసిండు. అయిపోయినంక క్వార్టర్లు దెచ్చి నింపిండు. మూత మీది రేకు, పోగులకు వెట్టే గంజితోని అతికించిండు. 'తాగ' అని నలుగుట్ల నోరు జారిండు గద! మాట ఎట్ల మింగుతడు? మందైతే మింగిండు."

అందరూ నవ్వారు. అశోక్ నవ్వలేకపోయాడు. "నచ్చిందా ఆయనకు?" అన్నాడు.

"నాలిక మీద వెట్టుకొని కండ్లు మూసిండు. 'ఒసే, ఇండ్ల కిస్మిసున్నది, ఖర్జూరున్నది, పాత మగ్గం కట్టె వాసనున్నది' అన్నడు. 'ధర ఒకలు జెప్పాల్నా? నాలికకే ఎరుకైతది. ఇది తొందరపడ్డోని పని గాదు. మా పోరడు మగ్గం ఇడిసిండు గని, మంచి పనిని గుర్తువట్టే కన్ను ఇడువలే' అన్నడు." ఆమె కళ్లు ఒత్తుకుంది. "ఇంత దాసిండు గూడ, కండెల డబ్బాల, దగ్గు మందు సీసల. వాడు నోరు దెరిసి 'బాపూ, తాగు' అంటే, ఇద్దరం గల్సి తాగుతం అన్నడు. నువ్వు అనవైతివి. ఆయన తియ్యడాయె."

సంధ్య ఇంటికి పరుగెత్తి ఆ చిన్న సీసా తెచ్చింది. అశోక్ విస్తరి పక్కన గ్లాసులోది పారబోసి, సీసాలోది సగం వంపాడు. లచ్చయ్య ఉండబట్టలేక వేలు ముంచి నాకాడు.

"అల్లుడా, మోసపోయినవ్. గిదే డూప్లికేట్. మంటే లేదు!"

అశోక్ విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. గ్లాసును విస్తరికి దగ్గరగా జరిపాడు.

"బాపూ," అన్నాడు. "తాగు."

మిగిలిన సగం తన నోట్లో పోసుకున్నాడు. ముందు కిస్మిస్, ఆ వెనక ఖర్జూరం. ఆఖరున, ఔను, తాను వదిలేసి పోయిన ఆ గుంట మగ్గం వాసన. కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెక్కల చప్పుడైంది. ముసలి కాకి ఒకటి దిగి, యాటకూర దాటుకుని, గ్లాసు అంచు మీద ముక్కు పెట్టింది. తల పక్కకు వంచింది. ముంచింది. మళ్లీ ముంచింది. చుట్టాలు విస్తర్ల కోసం లేచారు.

కాకి మూడోసారి వంగబోతుంటే వెంకటనర్సమ్మ గదిమింది.

"ఇగ సాలు. ఎండల ఎక్కువైతది."