చౌడయ్య పేరు మీద నూలు కార్డు

కోడి కూసి కూయకముందే చౌడయ్య మగ్గం మొదలయ్యేది. కంకిపాడు దాటి కాలవ గట్టు దిగితే వచ్చే నేతవీధిలో ఎన్ని మగ్గాలున్నా ఆ చప్పుడు మాత్రం వేరు. రెండు దెబ్బలు గబగబా, మూడోది కాస్త ఆలస్యంగా. ఎడమ మోకాలు పట్టేసిన మనిషి నేతంటే అట్లాగే ఉంటుంది మరి. ఆ చప్పుడు విని వీధిలో ఆడవాళ్ళు లేచి పొయ్యి మీద గంజి పెట్టేవాళ్ళు. ఇంట్లో కోడలు సుబ్బరత్నం రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. అత్త వెంకటరావమ్మ గ్లాసుడు అంబలి తెచ్చి మగ్గం గుంట గట్టున పెట్టి, "తాగి నెయ్యి, ఎక్కడికీ పోదు ఆ మగ్గం" అనేది.

చౌడయ్య చచ్చిపోయి అప్పటికి ఏడాది దాటింది.

పోయిన పదో రోజున వెంకటరావమ్మకు బొట్టు తీయించడానికి చుట్టాల్లో ఆడవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఇంతలో లోపల మగ్గం మోగింది. రెండు దెబ్బలు, ఆగి మూడోది. మనిషి కనపడడు గానీ పేక దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతోంది, గుంటలో తొక్కుడు కర్రలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. "పనిలోకి దిగాడుగా, ఇంకేం" అనుకుని వచ్చినవాళ్ళు ఆకూ వక్కా వేసుకుని ఇళ్ళకు పోయారు. వెంకటరావమ్మ నుదుట రూపాయి కాసంత బొట్టు అట్లాగే ఉండిపోయింది. సుబ్బరత్నానికి ఆ అదృష్టం లేదు. ఆమె మొగుడు రామలింగం పెళ్ళైన రెండో ఏడే విషజ్వరంతో పోయాడు. బతికుండగానే మగ్గమంటే ఆమడ దూరం పారిపోయేవాడు, పోయాక వస్తాడా? రాలేదు.

చౌడయ్య చావు సంగతి మునసబు దగ్గర ఎవరూ రాయించలేదు. రోజూ బట్ట నేస్తున్న మనిషి చచ్చిపోయాడని ఏ మొహం పెట్టుకుని చెప్తారండీ? ఇంట్లోవాళ్ళకు తోచలేదు, వీధిలోవాళ్ళకూ తోచలేదు. అదే కొంప ముంచింది.

యుద్ధం అయిపోయింది గానీ కంట్రోలు పోలేదు. నూలు బజార్లో దొరకదు. నేసే మనిషి పేరున మగ్గానికో కార్డు. ఆ కార్డు బెజవాడ డిపోలో చూపిస్తేనే నూలు. చౌడయ్య మగ్గం వదలడు కాబట్టి ఆయన కార్డు కొంగున ముడేసుకుని సుబ్బరత్నమే బస్సెక్కేది. ఆ నెల డిపో ముందు జనం ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటున్నారు. తన వంతు వచ్చేసరికి తడుముకుంటే ముడి లేదు. ముడే కాదు, కొంగు కొసే లేదు. ఎవడో బ్లేడు పెట్టి కోసుకుపోయాడు. ఆ చీర మామ నేసిందే.

"నీ చేతులు పడిపోను! నా కొంపకు నిప్పెట్టావు కదరా!" అని నడిబజార్లో గొంతు చించుకుని ఏడిచింది. డిపో మనిషికి ఆమె ఎవరో తెలుసు, చౌడయ్య ఎవరో తెలుసు. అయినా తల అడ్డంగా ఊపాడు.

అక్కణ్ణించి సప్లై ఆఫీసుకు పరిగెత్తింది. అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని విన్నాడు.

"కార్డు ఎవరిది?"

"మా మామగారిదండీ."

"ఆయన్ని రమ్మను."

"ఆయన మగ్గం వదిలి రాలేరండీ."

"నడవలేని మనిషా? అయితే వచ్చే మంగళవారం ఇనస్పెక్టరుగారు మీ వైపు వస్తారు, ఆయనే మీ ఇంటికొస్తారు. మగ్గం ఆడుతుండాలి. నేసే మనిషి ఆయన ఎదట వేలిముద్ర వెయ్యాలి. మగ్గం ఆగిపోయి ఉంటే మాత్రం కొత్త కార్డు లేదు, చెప్తున్నా."

బస్సులో కూర్చుని ఆమె లెక్కలు వేసుకుంది. ఇంట్లో ఉన్న నూలు ఎన్నాళ్ళకొస్తుంది? మగ్గం ఆగితే తిండి పోతుంది, అది ఒక భయం. మగ్గం ఆగితే మామ ఎందుకుంటాడు? ఆ రెండో భయం ఇంకా పెద్దది. దాన్ని అత్తతో ఎట్లా అనాలో తెలీక ఇల్లు చేరాక కోసేసిన కొంగు చూపించి, ఇనస్పెక్టరు వస్తున్నాడని మాత్రం చెప్పింది.

వెంకటరావమ్మ ఆ కొంగు పట్టుకుని మగ్గం వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "పోయాడని మాత్రం చెప్పమాకే రత్నం. కాయితం మీద పోయాడని రాస్తే నిజంగా పోతాడు."

పక్కింటి జక్కయ్య పెద్దమనిషి, మంచివాడు. ఆయనే ఉపాయం చెప్పాడు. "ఇనస్పెక్టరు చౌడయ్యని ఎప్పుడు చూశాడు గనక? నేనొచ్చి కూర్చుంటా, నేనే చౌడయ్యనంటా."

"సిగ్గులేదూ నీకు!" వెంకటరావమ్మ చీపురు అందుకుంది. "ఆయన లోపల కూర్చుని వింటుంటే నా మొగుణ్ణని చెప్పుకుంటావా?"

జక్కయ్య చెప్పులు మర్చిపోయి పరిగెత్తాడు. ఆ పూట కాసేపు నవ్వుకున్నారు గానీ, సాయంత్రానికి కండెల బుట్ట అడుగు కనపడింది. లోపల మగ్గం ఏమీ ఎరగనట్టు ఆడుతూనే ఉంది. చౌడయ్యకు మెల్లగా నెయ్యడం చేతకాదు.

ఆదివారానికి నూలు అయిపోయింది. వెంకటరావమ్మ పెట్టె తెరిచి తన పెళ్ళినాటి నేత చీర తీసింది. అంచు విప్పి, పోగు తర్వాత పోగు లాగి, తెగినచోట ముడేస్తూ కోడలికి అందించింది.

"అత్తా, ఈ చీర..."

"ఆయన నేసిందేలే. ఆయనకే ఇస్తున్నా. చుట్టు."

ఇద్దరూ తిండి తిప్పలు మాని అదే పని. దారం పాతది, పుటుక్కున తెగుతోంది. తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది. మళ్ళీ రెండు దెబ్బలు, మూడోది వినపడ్డాక గానీ చేతులు కదిలేవి కావు. సుబ్బరత్నానికి నిద్రలో కూడా అదే లెక్క. రెండు, ఆగు, ఒకటి.

మంగళవారం ఇనస్పెక్టరు మల్లేశ్వరరావు సైకిల్ మీద వచ్చాడు. కుర్రాడే. చెమటలు తుడుచుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి, మగ్గం దగ్గరికి వచ్చి చూశాడు. కూర్చునే పలక మీద ఎవరూ లేరు. నాడె పరిగెడుతోంది.

"ఎప్పుడు పోయారు?" అని మెల్లగా అడిగాడు.

వెంకటరావమ్మ ఖాళీ మజ్జిగ గ్లాసు అందుకుంది. సుబ్బరత్నం అబద్ధం ఆడబోయి, "నిరుడు కార్తీకంలోనండీ" అనేసింది. అత్త వైపు చూడలేకపోయింది.

"పోయినవాళ్ళు నెయ్యకూడదని రూల్సులో ఎక్కడా లేదమ్మా," అన్నాడు ఆయన. "మగ్గం ఆడుతోంది, బట్ట దిగుతోంది, నాకేం అభ్యంతరం లేదు. వేలిముద్ర ఒక్కటే కావాలి."

సిరా పూసిన దిండు, కాయితం గుంట గట్టున పెట్టాడు. "తాతగారూ, కాస్త ఇలా వేలు ఆనించండి."

మగ్గం ఆగింది. సిరా చెదరలేదు. కాయితం తెల్లగానే ఉంది. వీధి అంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. జక్కయ్య కూడా చెప్పుల కోసం వచ్చినట్టు వచ్చి నిలబడ్డాడు.

"ఇంకోసారి, తాతగారూ."

ఏమీ లేదు. ఇనస్పెక్టరు పాపం చాలాసేపే కూర్చున్నాడు. చివరికి నిట్టూర్చి కాయితం మడతపెట్టబోయాడు. సుబ్బరత్నం గుంట గట్టు పక్కన కూర్చుండిపోయింది. అయిపోయింది, ఇక అయిపోయింది.

అప్పుడు కూర్చునే పలక కిర్రుమంది, ఎవరో బరువుగా లేచినట్టు. మగ్గం పక్క పెట్టెలో ఉండాల్సిన నాడె బయటికొచ్చి, నేసిన బట్ట మీదుగా మెల్లగా దొర్లుతూ వచ్చి, గట్టు దాటి సుబ్బరత్నం ఒళ్ళో పడింది.

ఆమెకు అర్థం కాలేదు. అత్తకే ముందు అర్థమైంది. ఏడాదిగా రోజూ అంబలి పెట్టి మాట్లాడుకున్న మనిషి ఏమంటున్నాడో ఆవిడకు తెలియదూ?

"దిగవే," అంది వెంకటరావమ్మ.

"నేనా? గుంటలోకా?" ఆ ఇంట్లో ఆడది కండెలు చుట్టాలి, పడుగుకు గంజి పెట్టాలి. గుంటలో దిగడం ఎన్నడూ లేదు.

"లేచి చోటిచ్చాడుగా! దిగు, ఇనస్పెక్టరుగారికి ఆలస్యమవుతోంది."

సుబ్బరత్నం కోసిన కొంగు నడుముకు బిగించి దిగింది. పలక ఇంకా వెచ్చగా ఉంది. కాళ్ళు కర్రల మీద పెట్టింది. తాడు లాగింది. మొదటిసారి నాడె దారిలోనే ఆగింది. రెండోసారి పోయింది. తర్వాత చేతులు వాటంతటవే కలిశాయి. రెండు దెబ్బలు, ఆగి మూడోది. మోకాలు బాగానే ఉన్న మనిషి కూడా అట్లాగే నేసింది. ఆమె చెవికి వేరే నేత తెలియదు.

ఇనస్పెక్టరు బెత్తెడు బట్ట దిగేదాకా చూసి కలం తీశాడు. "పేరు?"

"సుబ్బరత్నమండీ."

"ఏం చేస్తావమ్మా?"

ఎవరడిగినా ఇన్నేళ్ళూ "కండెలు చుడతానండీ" అని చెప్పేది. నోటిదాకా అదే వచ్చింది. ఆగింది.

"నేస్తానండీ," అంది.

ఆమె వేలు సిరా దిండుకు అద్ది కాయితం మీద నొక్కింది. కార్డు పుస్తకంలో పాత పేరు దగ్గర ఇనస్పెక్టరు కలం ఆగిపోయింది. "మగ్గానికి ఒక్క పేరే ఉండాలి. కొట్టెయ్యనా, మామ్మగారూ?"

వెంకటరావమ్మ ఖాళీ గాలిలోకి, గుమ్మం వైపు చూసింది. అక్కడ నిలబడ్డవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఒక మనిషి పట్టేంత దారి ఇచ్చారు.

"కొట్టెయ్యి నాయనా," అంది.

చీర చెంగుతో తనే నుదురు తుడుచుకుంది. ఒక్క తుడుపుకు పోలేదు, రెండోసారి గట్టిగా రుద్దింది.

"అత్తా!" సుబ్బరత్నం మగ్గం ఆపి ఘొల్లుమంది.

"ఆపావంటే చూడు! పాత దారం, తెగుద్ది." అని కసిరింది వెంకటరావమ్మ. గుంట గట్టున పొద్దుటి అంబలి ముట్టకుండా అట్లాగే ఉంది. గ్లాసు తీసి, కింద పేరుకున్నది వేలితో కలిపి, కోడలి చేతికిచ్చింది.

"తాగి నెయ్యి," అంది. "ఎక్కడికీ పోదు ఆ మగ్గం."

తర్వాత వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది.