కంట్రోల్ మడి

సదాశివ సార్ జీపు జహీరాబాద్ దాటిందని ఫోన్ వచ్చింది. ఝరాసంగం పక్కనున్న ఈ శనగ చేనుకు ఇంకెంతో సేపు పట్టదు. ఆయన నా పరిశోధనకు గైడు. ఈ పంటతో ఫలితం తేలకపోతే నా ఫెలోషిప్ ఆగిపోతుంది, పీహెచ్‌డీ అటకెక్కుతుంది. అయినా నాకు భయం లేదు. ఫలితం అంత బాగుంది మరి.

ఊరి రైతు వీరన్న చేనులో రెండు మడులు తీసుకున్నాను. నేల ఒకటే, విత్తనం ఒకటే. ఒకదానికి నేను తయారు చేసిన వేపమందు కొట్టాను. రెండోది కంట్రోల్ మడి, మందు కొట్టకుండా పోల్చి చూడ్డానికి వదిలినది. మందు వల్ల పురుగు తగ్గుతుందన్నది నా పరికల్పన. అది తేలాలంటే రెండింటికీ మందు ఒక్కటే తేడా ఉండాలి. మందు మడిలో కాయలు నిండుగా ఉన్నాయి, కంట్రోల్ మడిని పచ్చపురుగు తొలిచేసింది.

అప్పుడు చూశాను గోరింకలను. మందు మడిలోనే గుంపుగా దిగి మొక్కల మధ్య పొడుస్తున్నాయి.

"ఈ పిట్టలేంది పెద్దమ్మా, దీంట్లనే వాల్తున్నయ్?"

వీరన్న భార్య గిరిజమ్మ నవ్వింది. "ఎళ్ల అమాస పండుగకు చేనుకు బువ్వ చల్లినం గద బిడ్డా, అప్పట్నుంచి మరిగినయ్. పాపమని రోజూ ఇన్ని రొట్టెముక్కలు ఏస్తున్న."

"మరి ఆ మడిల?"

"దాంట్ల ఏమీ ఎయ్యొద్దని నువ్వే చెప్తివి! పండుగపూట భూమిని పస్తులుంచినమని మీ పెదనాయిన ఎంత లొల్లి పెట్టిండో. అయినా నీ మాట తప్పలే."

నాకు గోరింకల మీద కోపం వచ్చింది, ఆమె విధేయత మీద వచ్చింది, అన్నిటికన్నా నా తెలివి మీద వచ్చింది. మందు కాక మరో తేడా చేనులో తిరుగుతుంటే నేను కాయలు చూసి మురిసిపోయాను.

జీపు ఆగింది. సార్ రెండు మడులూ చూసి, "శభాష్ పూజితా! ఇక రాసెయ్," అన్నాడు. వెనకే వచ్చిన వీరన్న ముఖం వెలిగిపోతోంది.

"అయితే బిడ్డా, వచ్చే ఏడు చేనంత గీ మందే కొడ్త. వేరే మందు బంద్. ఫికర్ లేదు గద?"

తల ఊపితే చాలు, నా చదువు గట్టెక్కుతుంది. గోరింకల సంగతి ఎవరికీ పట్టలేదు. కానీ మందులో పస లేకపోతే వీరన్న చేనంతా పురుగు పాలవుతుంది.

"ఉంది పెదనాయినా. ఫికర్ ఉంది."

సార్‌కు అంతా చెప్పాను. "పురుగును మందు చంపిందో, పిట్టలు తిన్నాయో నాకు తెలియదు సార్."

"ఫెలోషిప్ పొడిగించడం నా చేతిలో లేదమ్మా," అని సార్ జీపు వైపు నడిచాడు. నాకు ఏడుపు ఆగలేదు.

గిరిజమ్మ కంగారుగా నా చేయి పట్టుకుంది. "నేనేమన్న తప్పు చేసిన్నా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. వచ్చే ఏడు రెండు మడులల్ల చల్లు. ఫెలోషిప్ లేకున్నా, షేర్ ఆటోల నేనొస్త."