ఒండ్రు మీద చక్రం జాడ

ముప్పై రెండేళ్ళ రెబెక్కా గేర్ల సైకిలు కొంటోందని తెలిసి కాలనీలో నవ్వనివాళ్ళు లేరు. రాజమండ్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం, వెళ్ళి రావడానికి స్కూటీ, ఇంక సైకిలెందుకని. ఎందుకో తెలిసింది ఇద్దరికే. ఒకరు వాళ్ళమ్మ సూరమ్మ, ఇంకొకరు చిన్నాన్న కొడుకు శ్యాంబాబు.

వాళ్ళది రావిగొంది. గోదావరి ఒడ్డున, రెండు కొండల సందులో ఉండే ఊరు. కింద ప్రాజెక్టు కట్టాక నీళ్ళు వెనక్కి తన్ని ఊరు మునుగుతుందని అందరినీ ఖాళీ చేయించి, గోకవరం దగ్గర కాలనీలో ఇళ్ళిచ్చారు. వచ్చేటప్పుడు జనం తలుపులు, కిటికీలు, పెంకులు కూడా ఊడదీసుకుని తెచ్చుకున్నారు. క్రైస్తవుల గుడి గంట విప్పి తెచ్చారు. తేలేనివి సమాధులు. ఊళ్ళో దహనం చేసినవాళ్ళు ఏనాడో గోదాట్లో కలిసిపోయారు. గుడి వెనక సమాధుల తోటలో పడుకున్నవాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయారు.

రెబెక్కా నాన్న జ్ఞానప్రకాశం గారు వాళ్ళలో ఒకరు. లూథరన్ గుడికి ఉపదేశి. పాత సైకిలు మీద పల్లెపల్లెకీ తిరిగి ప్రార్థనలు జరిపేవారు. నాలుగేళ్ళ కిందట, ఊరు ఖాళీ కాకముందే గుండెపోటుతో పోయారు. మరుసటి వానాకాలం ఆయన మీద నాలుగు నిలువుల నీళ్ళు నిలిచాయి.

అప్పట్నుంచి సూరమ్మ కుళాయి నీళ్ళు ముట్టదు. కాలనీకి పైపుల్లో వచ్చేది గోదావరి నీళ్ళే. "అవి మీ నాన్న మీంచి వచ్చిన నీళ్ళే రెబ్బమ్మా, గొంతు దిగవు" అంటుంది. చర్చి దగ్గర బోరు నీళ్ళు బిందెతో మోసుకొస్తుంది. కళ్ళు మూస్తే చాలు ఆయన వస్తారట. గుమ్మం అవతలే నిలబడతారట, తడిబట్టలతో. ఏమీ అడగరట. "లోపలికి రండి అంటే రారు. ఏమయిందో చెప్పరు. శిలువ నిలబడి ఉందో కొట్టుకుపోయిందో ఒక్కసారి చూసొస్తే బాగుండును" అని ఒక్కటే మాట.

పాస్టరు గారు నచ్చజెప్పారు, ఆత్మ దేవుడి దగ్గరుంది, మట్టి మట్టిలో కలుస్తుందని. సూరమ్మ తలూపింది. మర్నాడు మళ్ళీ బిందె పట్టుకుని బోరు దగ్గరికి వెళ్ళింది.

ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు రావిగొంది బయటపడుతుంది. జూన్ చివర్లో ఎర్రనీళ్ళు వస్తే మళ్ళీ మునుగుతుంది. పడవ మీద వెళ్దామంటే సూరమ్మ ఒప్పుకోలేదు. బైబిలు మీద చెయ్యి వేయించుకుంది, "మొగుణ్ణి ముంచిన ఏట్లో కూతుర్ని పెట్టను" అని. కొండ మీద పాతదారి ఉంది గానీ రాళ్ళు దొర్లి పాడైపోయింది. శ్యాంబాబు ఒకసారి బండి వేసుకెళ్ళి మొదటి వాగులోనే కూరుకుపోయి, నలుగురిని పిలిచి లాగించుకున్నాడు. నడిచి వెళ్ళొచ్చేంత దగ్గర కాదు.

"మీకు కావాల్సింది హార్డ్‌టెయిల్ మేడం" అన్నాడు రాజమండ్రిలో సైకిళ్ళ షాపు నడిపే యుగంధర్, ఆమె దారి గురించి చెప్పిందంతా విని. "ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి సస్పెన్షన్ ఉంటుందండి, రాళ్ళ దెబ్బ అది కాసుకుంటుంది. వెనక ఏమీ ఉండదు కాబట్టి తేలిక. బురదొస్తే భుజాన వేసుకుని దాటెయ్యొచ్చు. కాకపోతే మీ ఎత్తుకి చిన్న ఫ్రేము చెన్నై నుంచి రావాలి."

అది మార్చిలో మాట. ఏప్రిల్లో అడిగితే వచ్చే వారం అన్నాడు. మేలో అడిగితే లోడు బయల్దేరిందన్నాడు. శ్యాంబాబు పడవలో చేపలకి వెళ్ళి, దూరం నుంచి చూసినప్పుడల్లా ఫోన్ చేసేవాడు. "అక్కా, గుడి గోడలు తేలాయి." "అక్కా, మీ ఇంటి గోడ కనపడుతోంది." ఒక్కో కబురుకీ రెబెక్కా మళ్ళీ యుగంధర్‌కి ఫోన్ చేసేది. ఊరు పైకి లేస్తోంది, తను ఇక్కడ కూర్చుంది.

ఆ రోజుల్లోనే అమ్మకిలాగే ఆమెకీ మొదలైంది. ఒక ముసలాయన ఛాతీ ఎక్స్‌రే తీసి తెర మీద చూస్తుంటే, ఊపిరితిత్తుల్లో కిందంతా నీరు పట్టి తెల్లగా ఉంది. పక్కటెముకలు ఆ తెలుపులో సగం దాకా మునిగి ఉన్నాయి. రోజూ చూసేదే. ఆ వేళ మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. మరోనాడు మిట్టమధ్యాహ్నం తల్లీకూతుళ్ళు అన్నాలు తింటుంటే, బయట సైకిలుకి స్టాండు వేసిన చప్పుడు వినపడింది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. రెబెక్కా వెళ్ళి చూసింది. వీధంతా ఎండ, ఎవరూ లేరు. తిరిగొచ్చి కూర్చుంటే సూరమ్మ ఎవరని అడగలేదు. పప్పు వడ్డించింది.

సైకిలు జూన్ రెండో వారంలో వచ్చింది. నల్ల ఫ్రేము, బొటనవేలంత మందం గాట్లున్న వెడల్పాటి టైర్లు. యుగంధర్ సీటు ఎత్తు సరిచేసి, గేర్లు మార్చడం చూపించి, బ్రేకు మెల్లగా పట్టమన్నాడు. ఆ సాయంత్రం ఆమె గౌతమీ ఘాట్ రోడ్డు మీద అటూ ఇటూ తొక్కింది. చిన్నప్పుడు నాన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్న పిల్ల. ఒళ్ళు మర్చిపోలేదు. ఏటి అవతల పడమటి దిక్కున మబ్బు కమ్ముతోంది.

"పైన వానలు మొదలయ్యాయంట. ఈ ఆదివారం పోతే ఇంక లేదక్కా" అన్నాడు శ్యాంబాబు.

ఆదివారం పొద్దున్నే సైకిల్ని ట్రాలీ ఆటోలో వేసి తారురోడ్డు ఆఖరి దాకా తెచ్చాడు. తను అక్కడే ఉంటానని, పొద్దు వాలకముందే వచ్చెయ్యమని చెప్పి, మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

ఎక్కుడు కష్టంగానే ఉంది. అన్నిటికంటే తేలిక గేరులో పెట్టినా పెడలు బరువుగానే తిరిగింది. రెండుచోట్ల దిగి, విరిగిపడిన చెట్ల మీంచి సైకిల్ని ఎత్తి దాటించింది. బండి కూరుకున్న వాగు దగ్గర భుజాన వేసుకుని మోకాలి లోతు బురదలో నడిచింది. కొండ నెత్తికెక్కాక దిగుడు మొదలైంది. మొదట భయపడి బ్రేకులు వదల్లేదు. తర్వాత వదిలింది. ముందుచక్రం రాయి మీదికి ఎక్కడం, ఫోర్కు లోపలికి దిగి మళ్ళీ లేవడం, చేతులు జివ్వుమనడం, గాలి చెవుల్లో హోరుమనడం. నాలుగేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువేదో వెనకెక్కడో జారిపోయింది. ఒక మలుపులో తను నవ్వుతున్నట్టు ఆమెకే వినపడింది.

ఆ మలుపు తిరిగేసరికి ఊరు కనపడింది. నవ్వు ఆగింది.

అంతా ఒకటే రంగు, బూడిద రంగు. చింతచెట్లు ఎండి నిలబడి ఉన్నాయి, కొమ్మల దాకా ఒండ్రు పూసుకుని. ఇళ్ళకి పైకప్పుల్లేవు, గుమ్మాల్లేవు. వీధులు, అరుగులు, నూతి గట్టు అన్నీ పూడిపోయి ఒండ్రు మైదానంలా పరుచుకుని, పైన ఎండి పెళుసుగా పగిలింది. కాకి అరుపు లేదు. కుక్క లేదు. ఆమె ఆగగానే సైకిలు చప్పుడు కూడా ఆగి, ఆ నిశ్శబ్దం చెవులకి నొప్పి పుట్టించింది.

గుడి గోడలు గుర్తుపట్టింది. దాని వెనక సమాధుల తోట ఉండాలి. ఉన్నది చదును నేల. ఒక్క శిలువ లేదు, ఒక్క గట్టు లేదు. అన్నీ ఒండ్రు కిందికి వెళ్ళిపోయాయి. అమ్మకి ఏం చెప్పాలి.

అప్పుడు చూసింది ఆ గీతని.

ఒండ్రు మీద సైకిలు చక్రం జాడ. తన టైరుది కాదు. సన్నది, పాతకాలం సైకిలుది. చేపలవాళ్ళెవరో వచ్చి ఉంటారనుకుంది. కానీ పక్కన అడుగుల జాడ లేదు, నిన్నమొన్నటిదిలా అంచులు పదునుగా ఉన్నాయి. ఏ దారి లేని మైదానం మీద ఆ గీత తిన్నగా పోవడం లేదు. ఒకచోట వంపు తిరిగింది. అక్కడ బంగార్రాజు గారి అరుగు ఉండేది. ఇంకోచోట గుండ్రంగా చుట్టి వచ్చింది. అది నుయ్యి. పైన ఇప్పుడు ఏమీ లేదు, కింద ఏముందో తెలిసినవాళ్ళు తొక్కినట్టుంది.

రెబెక్కా కొండ వైపు చూసింది. వెనక్కి పోదామనుకుంది. పోలేదు. సైకిలెక్కి, ముందుచక్రాన్ని ఆ గీతలో పెట్టి మెల్లగా తొక్కింది.

వాళ్ళ ఇంటి ముందు గీత కొంచెం లోతుగా ఉంది, ఎవరో అక్కడ ఆగి మళ్ళీ బయల్దేరినట్టు. అక్కణ్ణించి గుడి పక్కగా వెనక్కి వెళ్ళింది. సమాధుల తోటలో చిన్నచిన్న వంపులు తిరిగింది, అటూ ఇటూ. నాన్న ఎప్పుడూ అంతే. ఎవరి సమాధీ తొక్కనిచ్చేవారు కాదు, సైకిలు నడిపించుకుంటూ తప్పుకుని తప్పుకుని పోయేవారు. ఆ వంపుల్ని బట్టి ఆమె ఒక్కో సమాధినీ పోల్చుకుంది. ఇది నాయనమ్మది. ఇది పురిట్లో పోయిన మార్తమ్మది. ఆ పక్కన, గోడ మూల దగ్గర, గీత ఒక జాగా చుట్టూ పూర్తిగా తిరిగి ముందుకు సాగింది.

ఆమె సైకిలు పడేసి మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో తవ్వింది. పైపొర పెంకుల్లా లేచింది, కింద చల్లని మెత్తని మట్టి. మోచేతి దాకా దిగాక వేళ్ళకి గట్టిగా తగిలింది. తడిమింది. సిమెంటు శిలువ తల. పక్కచేతులు. కదల్లేదు, నిలబడే ఉంది. ఆ గుంటలో చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు కూర్చుంది. ఏడుపు రాలేదు. "అమ్మ అడిగింది నాన్నా" అంది.

లేచి చూస్తే గీత అక్కడితో ఆగలేదు. వాలు దిగి ఏటి వైపు పోయింది. నీళ్ళ అంచు దాకా వెళ్ళి తిన్నగా లోపలికి దిగింది. తిరిగి వచ్చిన జాడ లేదు. నీళ్ళు అప్పటికే కొంచెం ఎర్రబారాయి. ఆమె చూస్తుండగానే ఒక చిన్న అల వచ్చి గీతని వేలెడు మేర చెరిపింది.

ఆమె అటు వెళ్ళలేదు. గుంట పూడ్చి, సైకిలెక్కి, వచ్చిన దారినే తొక్కింది. కొండ అడుగున ఒకసారి వెనక్కి చూసింది. ఊరంతటా తన వెడల్పాటి టైరు గాట్లే ఉన్నాయి. గుడి వెనక వాలు అక్కణ్ణించి కనపడదు, మిగతాదంతా ఆ గీత మీదే తొక్కింది కాబట్టి గీత ఎక్కడా మిగల్లేదు.

శ్యాంబాబు ఆటోలో కునుకు తీస్తున్నాడు.

"ఈ మధ్య ఎవరైనా సైకిలేసుకుని ఊళ్ళోకి దిగారేంట్రా?"

"సైకిలా? ఈ దారినా? నువ్వు దిగిందే గొప్పక్కా." ఆమె మొహం చూసి కిందికి దిగాడు. సైకిల్ని తనే పైకెత్తి తాడుతో కట్టాడు.

ఇంటికొచ్చేసరికి సూరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. రెబెక్కా శిలువ సంగతి చెప్పింది. కాసేపాగి గీత సంగతి కూడా చెప్పింది. దాచుదామనుకుంది గానీ ఆ మొహం ముందు దాచలేకపోయింది.

"ఎటు వెళ్ళింది ఆ గీత?"

"నీళ్ళలోకమ్మా."

"ఏ వైపు నీళ్ళలోకే?"

"గుడి వెనక వాలు దిగి, రేవు పక్కనుంచి."

సూరమ్మ ఆ దారిని మనసులో వెతుక్కుంది. తర్వాత, పక్కింటామె సంగతి చెబుతున్నంత మామూలుగా అంది, "అది కొత్తపల్లెకి వెళ్ళే దారి. మనూళ్ళో ఆరాధన అయ్యాక ఆయన అక్కడికి వెళ్ళాలిగా. వాళ్ళు కూర్చుని ఉంటారు."

కొత్తపల్లె రావిగొంది కంటే పల్లంలో ఉండేది. ఎండాకాలంలో కూడా తేలదు, అక్కడి సమాధులూ నీళ్ళ కిందే ఉండిపోయాయి.

రెబెక్కా గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. తల్లి మాత్రం తేలిగ్గా ఉంది, ఇన్నాళ్ళకి ఒక పని ముగిసినట్టు. గోడకి ఆనించిన సైకిలు దగ్గరికి వెళ్ళి సీటు నిమిరింది, గేర్ల తీగెలు లాగి చూసింది.

"ఇదేంటే, కొత్తది ఇలా చేసుకొచ్చావు. మట్టి ఎండితే పట్టేస్తుంది, కడుగు."

"అలిసిపోయానమ్మా. రేపు కడుగుతాను."

"నేను పట్టుకుంటాలే. నువ్వు గుడ్డ తీసుకురా."

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని సైకిల్ని కడిగారు. టైరు గాట్లలో ఇరుక్కున్న బూడిద రంగు ఒండ్రుని సూరమ్మ పుల్లతో ఒక్కోటీ తీసి, కింద పడనివ్వకుండా చేతిలోకి తీసుకుంది. అది గుప్పెడు అయ్యాక లేచి, గుమ్మం పక్కన బంతిమొక్క మొదట్లో వేసి, కాలితో మెల్లగా అదిమింది.