జెముడు పూసిన గోడ

నిచ్చెన మీద నిలబడి ఆశీర్వాదం నాగజెముడుకు ముళ్లు పెడుతున్నాడు. సన్న కుంచె కొసతో తెల్లగా నాలుగు గీతలు, పక్కనే నీడకు నల్లగా ఒకటి. అరచేతి మీద అరచెయ్యి పేర్చినట్టు మట్ట మీద మట్ట లేచింది. అంచుల్లో పసుపు పూలు, వాటి కింద ముదురెరుపు పండ్లు, వెనక ఎర్రమట్టి గుట్టలు. బోథ్ దగ్గరి ఆ చిన్న చర్చిలో వేదిక వెనక గోడంతా ఇప్పుడు ఎడారి. అందులో మోషే వెంట జనం నడుస్తున్నారు గానీ, చూసేవాళ్ల కళ్లు ముందు జెముళ్ల మీదే పడతాయి. మోషే చిన్నబుచ్చుకున్నా ఆశీర్వాదం చేయగలిగిందేమీ లేదు.

ఆయన ఎన్నడూ ఎడారి చూడలేదు. చుక్క నీళ్లు లేని బండల సందుల్లో పచ్చగా నిలబడి పూసే జెముడును మాత్రం చిన్నప్పటి నుంచీ నోరు తెరుచుకుని చూసేవాడు. ఎడారి అనగానే చెయ్యి దానంతటదే అటు పోయింది.

వయసంతా బోర్డులు రాసి బతికాడు. ఎరువుల దుకాణాలు, పత్తి మిల్లులు, ఎన్నికల గోడలు. ఏడాది తిరిగేసరికి వాటి మీద ఎవరో సున్నం కొట్టేవారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి ఆ పనీ పోయింది. గుంట భూమి లేదు. కోతకాల పండుగనాడు అందరూ పత్తి, జొన్నకంకులు, గుమ్మడికాయలు మోసుకొచ్చి దేవుని ముందు పెడుతుంటే, ఆయన వట్టి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు. ఆ సిగ్గు ముసలితనం దాకా వదల్లేదు. అందుకే ఈ ఏడు కూలి వద్దని, గోడ ఇమ్మని అడిగాడు. తన కానుక అదేనన్నాడు. పండుగ రేపే.

మధ్యాహ్నం కుర్ర పాస్టరు ఫిలిప్ వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మంచిగున్నది తాతా. కానీ మోషే నడిచిన దేశంల అప్పుడు నాగజెముడు లేదు. అది సముద్రం అవతల పుట్టిన చెట్టు. రేపు పండుగకు మా పై పాస్టరు, పెద్దయ్యగారు వస్తుండు, చూసి ఏమంటడో. వీటి మీద సున్నం కొట్టి ఖర్జూరాలు ఎయ్యి."

ఫిలిప్ చెప్పింది నిజమే. ఆశీర్వాదానికి ఆ సంగతి తెలియదు. తన రాతల మీద ఎందరు సున్నం కొట్టినా పట్టించుకోనివాడికి ఈసారి గుండె చెరువైంది. రేపు మళ్లీ వట్టి చేతులే.

"మీ ఇష్టం అయ్యగారు," అని దిగి సున్నం బకెట్ అందుకున్నాడు.

చాపలు పరుస్తున్న రిబ్కమ్మ, సంఘంలో అందరికంటే పెద్దది, పని వదిలేసి వచ్చింది.

"జర ఆగు తమ్మీ. అయ్యగారూ, కరువుల మా అవ్వ మాకేం పెట్టిందో ఎర్కేనా? గీ పండ్లే. బండకు రాకి, ముండ్లు తీసి, ఒలిచి పెట్టేది. మూతులన్ని ఎర్రగయ్యేటియి. ఎడారిల ఆకలైన ఇశ్రాయేలోల్లకు ఆకాశం నుంచి మన్నా కురిసింది, మనకు గిది కాసింది అనేది. గా దేశంల లేకుంటే మానె. మనం నడిసిన ఎడారిల ఉన్నది."

ఫిలిప్ మళ్లీ గోడ వంక చూశాడు. ఈసారి పండ్లను చూశాడు. తర్వాత బకెట్ తనే తీసుకెళ్లి బయట పెట్టొచ్చాడు.

"రేపటి వాక్యం గిదే చెప్త. ఒక్క చెట్టు కూడ తియ్యకు తాతా," అన్నాడు.

ఆశీర్వాదం కుర్రాడిలా నిచ్చెనెక్కి, సంతోషం పట్టలేక ఇంకో పండు వేశాడు, అన్నిటికన్నా పెద్దది. పొద్దు వాలేవేళ దిగి తలుపు పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఎండ ఏటవాలుగా పడి పూలన్నీ వెలిగాయి.

"అక్కా, ఈ ఏడు పంట మంచిగొచ్చింది," అన్నాడు.

రిబ్కమ్మ నవ్వి చాయ్ తేవడానికి వెళ్లింది. వచ్చేసరికి ఆయన గోడ వంకే చూస్తున్నాడు. పిలిస్తే పలకలేదు. ఆమె గ్లాసు కింద పెట్టి, మెల్లగా ఆయన కళ్లు మూసింది.

పండుగ ఆగలేదు. ఆయన్ని ఉంచిన పెట్టెను కంకుల మధ్య, ఆ గోడ ముందే ఉంచారు. పెద్దయ్యగారు జెముళ్ల గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు. ఏడ్చినవాళ్లు కూడా గొంతెత్తి పాడారు, చర్చి కప్పు అదిరేలా పాడారు. అందరూ సమాధుల తోటకు కదిలాక కిటికీ గట్టు మీద ఆయన దగ్గరి చూపు కళ్లద్దాలు మిగిలాయి. దూరం నుంచి గోడంతా చూసుకోవాలని తీసిపెట్టిన ఆ అద్దాల్లో ఒకదాని మీద ఎర్రరంగు చుక్క ఎండి ఉంది.